తోటలో పెరిగిన బడి

1905వ సంవత్సరమున ఇంగ్లండు విద్యాశాఖవారు ఒక నివేదికను ప్రకటించిరి. ఐదేండ్లు నిండని పిల్లలు ప్రాథమిక పాఠశాలలలో ఎట్లు కాలము గడపుచున్నారో చూచి వ్రాయుటకు కొందరు మహిళా ఇన్‌స్పెక్టర్లను వారు అంతకుముందే పంపియుండిరి. ఆ శతాబ్దారంభమున ఆ దేశములో మూడు మొదలు ఐదేండ్ల ప్రాయము గల పిల్లలలో నూటికి 43 మంది బడి పట్టీలలో ఉండిరి. తల్లి మిల్లుకు పోయిన ఇంట చంటివానిని కనిపెట్టువారు ఎవరుందురు? అక్క వెంబడి వాడును బడికి వచ్చెడివాడు.

ఆ ఇన్‌స్పెక్టర్లు చూచిన దృశ్యము ఇది. మూడేండ్ల బిడ్డను గట్టి చెక్కబల్లపై కూర్చుండబెట్టుదురు. కాళ్లు నేలకు అందవు. కిటికీ వీపు వెనుక నుండును. ముందున్నను అందనంత ఎత్తున నుండును. లేచి తిరుగుట తప్పు, ప్రక్కవానితో మాటలాడుట తప్పు. కొన్నిచోట్ల చేతిలో సూది లేకయే, దారము లేకయే, ఉపాధ్యాయిని చెప్పిన వరుసలో సూదికి దారమెక్కించినట్లు చేతులు కదపవలెను. ఇట్టి కవాతు పెద్దవారికైనను విసుగు పుట్టించును. పసివారు కూర్చున్నచోటనే నిద్రకు తూగెడివారు, తూగుటయు తప్పే.

నివేదిక వలన ఫలితము కలిగినది గాని అది కోరిన ఫలితము కాదు. ఐదేండ్లలోపు పిల్లలను చేర్చుకొనక నిరాకరించు అధికారము స్థానిక సంస్థలకు లభించెను. పదేండ్లలో బడికి వచ్చు పసివారి సంఖ్య సుమారు సగమునకు దిగెను. బల్లమీదినుండి దింపిన బిడ్డ ఎక్కడకు పోయెను? మరల వీధిలోనికే పోయెను. బడి పనికిరాదు, వీధి పనికిరాదు, ఇంట తల్లి లేదు. ఈ మూడింటి నడుమ చిక్కిన బిడ్డకొరకు పుట్టినదే నేడు నర్సరీ పాఠశాల అని చెప్పబడు సంస్థ.

అంతకు పూర్వము ఇట్టి యత్నములు జరుగకపోలేదు. స్కాట్లండులోని న్యూ లానార్క్ గ్రామమున నూలుమిల్లు యజమానియైన రాబర్ట్ ఓవెన్ 1816 జనవరి 1వ తేదీన ఒక విద్యాసంస్థను తెరచెను. నడక వచ్చిన బిడ్డలను మొదలుకొని అందు చేర్చుకొనిరి. వారిని చూచుకొనుటకు ఓవెన్ ఏరికోరి నియమించినది పండితులను గాదు. జేమ్స్ బుకానన్ అను నేతగానిని, పదునేడేండ్ల మోలీ యంగ్ అను బాలికను. పిల్లలను కొట్టరాదు, కోపపు మాట ఆడరాదు, పుస్తకములతో వేధింపరాదు అని వారికి విధించిన నియమము. ఆటయు, పాటయు, నాట్యమును అచటి పాఠములు. ఓవెన్ యత్నము చూచి లండనులో శిశుపాఠశాలలు లేచినవి. కాని శామ్యూల్ విల్డర్‌స్పిన్ మున్నగువారి చేతులలో అవి మెట్లమెట్లుగా కట్టిన బల్లలమీద వందలమందిని కూర్చుండబెట్టి ఒక్క గొంతుతో వల్లెవేయించు బడులుగా మారెను. 1905లో ఇన్‌స్పెక్టర్లు చూచిన బల్లలు ఆ మెట్ల సంతతివే.

జర్మనీలో ఫ్రెడరిక్ ఫ్రోబెల్ 1837లో బాడ్ బ్లాంకెన్‌బుర్గ్ అను ఊర పసివారికొక సంస్థను స్థాపించి, 1840లో దానికి ‘కిండర్‌గార్టెన్’ అని పేరిడెను. పిల్లల తోట అని ఆ మాటకు అర్థము. ఉన్ని బంతులు, కొయ్య గోళము, ఘనము, స్తూపము మున్నగు వస్తువులను ఆటసామగ్రిగా క్రమపరచి ఇచ్చుట ఆయన పద్ధతి. ఆటను చదువునకు విశ్రాంతిగా గాక చదువుగనే చూచినవారిలో ఆయన అగ్రగణ్యుడు. ఆయన కష్టములు విచిత్రమైనవి. 1851లో ప్రష్యా ప్రభుత్వము కిండర్‌గార్టెనులను నిషేధించెను. ఆయన అన్నకుమారుడైన కార్ల్ ఫ్రోబెల్ సోషలిస్టు భావములు గలవాడు. అతని రచనను ఈయనకు అంటగట్టి, పసిపిల్లల ఆటలలో నాస్తికత్వము దాగియున్నదని ప్రభుత్వము భయపడెను. ఫ్రోబెల్ మరుసటి సంవత్సరమే మరణించెను. 1860 వరకు నిషేధము తొలగలేదు. ఆయన శిష్యురాండ్రు ఇతర దేశములకు పోయి ఆ పద్ధతిని వ్యాపింపజేసిరి. అయితే వ్యాపించుకొలది ఆ బంతులును, ఘనములును ఉపాధ్యాయిని ఆజ్ఞ ప్రకారము ఎత్తి దించు వస్తువులైనవి. మంచి ఆట సైతము కవాతు కాగలదనుటకు ఇంతకంటె నిదర్శనము వలదు.

డెట్‌ఫర్డ్ సోదరీమణులు

ఇక అసలు కథ. రేచెల్ మెక్‌మిలన్ 1859లోను, ఆమె చెల్లెలు మార్గరెట్ 1860లోను అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రమున జన్మించిరి. తలిదండ్రులు స్కాట్లండువారు. 1865లో తండ్రి చనిపోగా తల్లి వారిని స్వదేశమునకు తోడుకొనిపోయెను. చిన్ననాట జ్వరము వచ్చి మార్గరెట్‌కు చెవులు వినబడకపోయెను. పదునాలుగేండ్లకు గాని మరల వినికిడి రాలేదు. పిల్లల చెవి, ముక్కు, గొంతు రోగములను గూర్చి ఆమె తరువాత చూపిన పట్టుదలకు ఈ అనుభవము కొంత కారణమై యుండును.

1893లో మార్గరెట్ ఉన్నిమిల్లుల నగరమైన బ్రాడ్‌ఫర్డుకు వచ్చెను. మరుసటి ఏట అచటి విద్యాసంఘమునకు సభ్యురాలుగా ఎన్నికయ్యెను. బడి పిల్లలలో పలువురు చలికాలమంతయు ఒంటికి కుట్టిన బట్టలు విప్పక, స్నానము ఎరుగక యుండిరి. మురికి దేహముతో, ఖాళీ కడుపుతో కూర్చున్నవానికి చదువు చెప్పుట ప్రజాధనమును నీట పోయుటయే అని ఆమె వాదము. 1897లో వాపింగ్ వీధి పాఠశాలలో స్నానఘట్టము ఏర్పడినది; బడిలో పిల్లలకు స్నానపు వసతి కల్పించుట ఆ దేశమున అదియే మొదలందురు. పాఠశాల వైద్యుడైన జేమ్స్ కెర్‌తో కలసి ఆమె పిల్లల వైద్యపరీక్షలకై పాటుపడెను. 1902 చట్టము విద్యాసంఘములను రద్దు చేయగా ఆ పదవి పోయి, ఆమె అక్కను చేరుకొనెను. అయినను ఉద్యమము ఆగలేదు. బడిలో భోజనము పెట్టుటకు 1906లోను, బడిపిల్లలకు వైద్యపరీక్ష చేయుటకు 1907లోను చట్టములు వచ్చెను.

1910లో అక్కచెల్లెండ్రు లండనులోని డెట్‌ఫర్డ్ అను పేటలో పిల్లల వైద్యశాలను నెలకొల్పిరి. థేమ్స్ నది ఒడ్డున రేవులు, గిడ్డంగులు, ఇరుకు సందులు గల పేట అది. అమెరికా సబ్బు వర్తకుడు జోసెఫ్ ఫెల్స్ ఈ పనికి ధనసహాయము చేసెను. పండ్లు, కండ్లు, చెవులు, చర్మము వీని రోగములతో పిల్లలు వచ్చెడివారు; మందు పుచ్చుకొని నయమై పోయెడివారు; కొన్ని వారములకు మరల అదే రోగముతో వచ్చెడివారు. వైద్యశాల పని చేయనందున గాదు. ఇల్లు మారనందున.

ఈ చిన్న పరిశీలన నుండియే తరువాతిదంతయు పుట్టినది. 1911లో పేట బాలికలకు రాత్రిపూట ఆరుబయట పడుకొను శిబిరమును ఏర్పరచిరి. సాయంకాలము స్నానము, శుభ్రమైన ప్రక్క, తెల్లవారగనే మరల స్నానము, ఫలాహారము, తరువాత బడి. పిల్లలు తేరుకొనిరి. కాని పదేండ్లకు వంగిన ఎముకను సరిచేయుట కష్టము. ఆరేండ్లకు పాడైన పన్ను తిరిగి రాదు. రోగము ఎంత చిన్ననాట మొదలగునో వెదకుచు పోయిన కొలది సోదరీమణులు నానాటికి చిన్నపిల్లలవైపు పోయిరి. 1914 మార్చిలో, నగర కౌన్సిలువారు ఏడాదికి ఒక్క షిల్లింగు బాడుగకు ఇచ్చిన పాడుస్థలములో, పసివారి శిబిరము మొదలయ్యెను. కొద్ది వారములలోనే ముప్పదిమంది పిల్లలు చేరిరి. ఏడాదిన్నర బిడ్డ మొదలు ఏడేండ్లవారి దాక. మొదటి ఆరు నెలలలో ఒక్కరికే జబ్బు చేసినదనియు, ఆ తట్టు సైతము ఇతరులకు అంటలేదనియు రేచెల్ గర్వముతో చెప్పుకొనెను. ఆ పేటలో అది సామాన్యము కాదు.

దినచర్య

ఆ బడిలో గోడలకంటె తోట ముఖ్యము. తోట మధ్య అక్కడక్కడ ఒకవైపు పూర్తిగా తెరచియున్న పాకలు. వాన, మంచు కురిసినప్పుడు తలదాచుకొనుటకే అవి. ఒక్కొక్క పాకకు ఒక వయస్సు పిల్లలు, వారి స్నానపు గది, వేడినీరు, తువాళ్లు.

ఉదయము ఎనిమిది గంటల ప్రాంతమున పిల్లలు వచ్చెడివారు. ముందు స్నానము, దువ్వెన, శుభ్రమైన రంగుల పై అంగీ. తొమ్మిదింటికి ఓటుజావయు పాలును. తరువాత పాట, మాట, చేతిపని, తోటలో స్వేచ్ఛగా ఆట. మధ్యాహ్నము పండ్రెండింటికి భోజనము. భోజనమైన వెంటనే మడతమంచములు పరచి, వీలున్నంతవరకు ఆరుబయలనే, సుమారు రెండు గంటలు నిద్ర. లేచిన పిదప మరల ఆట. సాయంకాలము పాలు, రొట్టె, ఐదున్నరకు ఇల్లు. తొమ్మిది గంటలకు పైగా బడి. పసివానికి ఇంతసేపు బడియా అని ఆక్షేపించువారికి మార్గరెట్ ఇచ్చిన సమాధానము సూటియైనది. మూడు గంటలు బడిలో ఉంచి పంపినచో స్నానము చేయించి మురికిలోనికి, అన్నము పెట్టి ఆకలిలోనికి పంపుటయే యగును; అంతకంటె పంపకుండుటయే మేలు.

స్నానము, భోజనము, నిద్ర పాఠములకు ముందు వెనుకల తీర్చుకొను పనులు గావు, అవియే పాఠములు. ఫ్రెంచి వైద్యుడైన ఎడ్వర్డ్ సెగ్విన్ బుద్ధిమాంద్యము గల పిల్లలకు ఇంద్రియముల ద్వారా శిక్షణ ఇచ్చుటను గూర్చి వ్రాసిన గ్రంథములు మార్గరెట్‌కు గురుస్థానము వహించినవి. 1907 జనవరి 6న రోమునగరపు బీదల బస్తీలో ‘పిల్లల ఇల్లు’ తెరచిన మరియా మాంటిస్సోరికిని గురువు ఆ సెగ్విన్‌యే. ఇద్దరును వైద్యపు మార్గమున విద్యకు వచ్చిరి. కాని వారి దారులు వేరైనవి. మాంటిస్సోరి బడిలో కొయ్య స్తూపములు, గరుకు కాగితపు అక్షరములు మున్నగు కొలిచి చేసిన పరికరములు కలవు; ఒక్కొక్కదానికి ఒక్కొక్క ప్రయోజనము. మార్గరెట్ వాటికి తోటనిచ్చెను. పుదీనా, లావెండరు, రోజ్‌మేరీ మొక్కల మడులలో పిల్లలు ఆకును నలిపి వాసన చూచెడివారు. బురదసందులలో పెరిగి మంచివాసన ఎరుగని ముక్కునకు అది మొదటి పాఠము. ఇసుకగుంట, నీటితొట్టి, ఎక్కుటకు మెట్లు, చెట్లు కలవు.

వీనిలో వింతయైనది చెత్తకుప్ప. రాళ్లు, పెంకులు, పాత ఇనుము, డబ్బాలు, మట్టి పోసిన కుప్ప అది. ఆరోగ్యముగల పిల్లవాడెవడును దానిని విడిచి చక్కని పూలమడి వైపు పోడని ఆమె గమనించెను. చందాదారులు తోటను చూడవచ్చినప్పుడు ఆ కుప్ప కంటికి సొంపుగా నుండదు. అయినను దానిని తీయింపలేదు. ఏ వస్తువుతో ఏమి చేయవలెనో ముందుగా నిర్ణయింపబడియుండనిచోట పిల్లవాడు తానే నిర్ణయించుకొనవలసి వచ్చును. కుప్పకు గల విలువ అది. పూలమడుల ప్రక్కన చెత్తకుప్పకు చోటిచ్చిన ధైర్యము తరువాతి నర్సరీ బడులలో పెక్కింటికి లేకపోవుట విచారకరము.

మొదటి ప్రపంచయుద్ధకాలమున మందుగుండు కర్మాగారములలో పనిచేయు తల్లుల పిల్లలకు ప్రభుత్వము సహాయము చేసెను. 1917 మార్చి 25న, తన పుట్టినరోజుననే, రేచెల్ మరణించెను. మార్గరెట్ బడికి అక్క పేరు పెట్టెను. 1919లో ఆమె వ్రాసిన ‘నర్సరీ స్కూల్’ అను గ్రంథము ఈ అనుభవముల ఫలము.

ఎండకు, ఎముకకు గల బంధము

డెట్‌ఫర్డులో చేరిన పసివారిలో పలువురిని పీడించినది రికెట్సు. ఎముకలు మెత్తబడి కాళ్లు విల్లులవలె వంగుట, ప్రక్కటెముకలపై గుబ్బలు లేచుట, పండ్లు ఆలస్యముగా వచ్చుట దాని లక్షణములు. కారణము 1914లో వైద్యులకే తేటగా తెలియదు. కొందరు మురికిగాలి అనిరి, కొందరు ఆహారము అనిరి, కొందరు వ్యాయామము లేమి అనిరి. జపానులో పనిచేసి వచ్చిన థియోబాల్డ్ పామ్ అను ఆంగ్ల వైద్యుడు 1890లోనే వివిధదేశముల సమాచారమును కూర్చి, ఎండ తక్కువైనచోటనే ఈ వ్యాధి కలదని వ్రాసెను గాని ఆ మాట ఎక్కువమంది చెవిని బడలేదు.

నిజము రెండు దారుల వచ్చెను. ఎడ్వర్డ్ మెలన్‌బీ కుక్కపిల్లలను ఇంటిలోపలనే ఉంచి ఓటుధాన్యముతో పెంచగా వాటికి రికెట్సు వచ్చెను. కాడ్ చేప కాలేయపు నూనె ఇచ్చినచో రాలేదు. అదే కాలమున, 1919లో, బెర్లినులో కుర్ట్ హుల్డ్‌షిన్‌స్కీ అను వైద్యుడు నలుగురు రోగిపిల్లలపై పాదరసపు దీపకాంతిని ప్రసరింపజేసి వ్యాధిని కుదిర్చెను. ఒక చేతిపై కాంతి పడినను రెండవ చేతి ఎముకలును గట్టిపడెను. అనగా కాంతి సోకినచోట పుట్టిన పదార్థమేదియో రక్తములో ప్రవహించి దేహమంతయు పనిచేయుచున్నదన్న మాట. నూనె, వెలుగు రెండును ఒకే పని చేయుట ఎట్లు? 1922లో మెక్‌కాలమ్ అమెరికాలో కాలేయపు నూనెలోని ఆ గుణమునకు ఎ విటమిను గాక వేరొకటి కారణమని చూపెను. అది డి విటమిను. సూర్యుని అతినీలలోహిత కిరణములు చర్మములోని ఒక కొవ్వు పదార్థమును మార్చి ఆ విటమినును పుట్టించును. అది ప్రేగులనుండి కాల్షియమును రక్తములోనికి తెచ్చును. కాల్షియము ఎముకకు గట్టిదనమిచ్చును.

ఇందు మరియొక చమత్కారము కలదు. మెలన్‌బీ కుక్కపిల్లలకు వ్యాధి తెప్పించిన ఓటుధాన్యమే డెట్‌ఫర్డ్ పిల్లల ఉదయపు జావ. ధాన్యపు పొట్టులోని ఫైటిక్ ఆమ్లము కాల్షియమును పట్టుకొని దేహమునకు అందనీయదని తరువాత తెలిసినది. జావ ఒక్కటే అయినచో హాని కలిగెడిదే. దానితో పాలును, పగలంతయు ఆరుబయలును ఉన్నందున ఆ లోపము కప్పబడెను. అటులని మార్గరెట్ నమ్మకములన్నియు నిలిచినవని చెప్పరాదు. లండను ఉన్న అక్షాంశమున చలికాలపు ఎండ ఏటవాలుగా పడి, అందలి ఆ కిరణములు వాయుమండలములోనే హరించిపోవును. కావున డిసెంబరులో వణకుచు ఆరుబయట ఆడినందువలన ఎముకలకు కలిగిన లాభము లేదు. వేసవిలో దేహము నిలువచేసికొన్నదే ఆదుకొనెను. అయితే గాలి చక్కగా ఆడుచోట ఊపిరి ద్వారా అంటు రోగములు తగ్గుననుట వాస్తవమే.

మధ్యాహ్నపు నిద్రకు సాక్ష్యము ఇంకను ఆలస్యముగా వచ్చెను. 2013లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు నలుబదిమంది శిశుపాఠశాల పిల్లలకు ఉదయము ఒక ఆట నేర్పిరి. గళ్లలో ఉంచిన బొమ్మ ఏది ఎక్కడనున్నదో గుర్తుంచుకొనుట ఆ ఆట. ఒకనాడు మధ్యాహ్నము నిద్రపుచ్చిరి, వేరొకనాడు మేలుకొల్పి ఉంచిరి. నిద్రించిననాడు గుర్తున్నంతగా మేలుకొన్ననాడు లేదు. ఆ రాత్రి నిద్రించి లేచినను పోయిన జ్ఞాపకము తిరిగి రాలేదు. పగటినిద్ర అలవాటుగల పిల్లలలో ఈ తేడా ఎక్కువగా కనబడెను. బల్లమీద తూగిన పిల్లవానిని దండించిన ఆనాటి ఉపాధ్యాయిని, పాపము, తాను చెప్పిన పాఠమునే తుడిచివేయుచుండెను.

కుందేలు సమాధి

ఆటలో చదువు ఎక్కడనున్నది అను ప్రశ్నకు సమాధానము వెదకినది వేరొక బడి. ధనికుడైన జఫ్రీ పైక్ 1924లో కేంబ్రిడ్జిలో మాల్టింగ్ హౌస్ అను పాఠశాలను స్థాపించి, దానిని సూసన్ ఐజక్స్ అను మనస్తత్త్వ శాస్త్రజ్ఞురాలికి అప్పగించెను. పిల్లలు పదిమందితో ఆరంభమైనది. ఆచార్యుల బిడ్డలు, తెలివిగలవారు. డెట్‌ఫర్డుకు ఇది పూర్తిగా ఎదురుదిక్కు. ఇచట ఆకలి సమస్య లేదు, నియమితమైన కాలపట్టికయు లేదు. రంపము, సుత్తి, గ్యాసుపొయ్యి, తోట, జంతువులు పిల్లల చేతికి అందునట్లుండెను. పిల్లలు ప్రశ్న వేసినచో పెద్దలు జవాబు చెప్పక, చూతము రమ్మనెడివారు. జరిగినదంతయు అక్కడి పెద్దలు మాటమాట వ్రాసికొనిరి.

ఒకనాడు కుందేలు చనిపోయెను. పిల్లలు దానిని పాతిపెట్టిరి. మరునాడు అది ఆకాశమునకు పోయినదని ఒకరు, లేదు మట్టిలోనే ఉన్నదని వేరొకరు అనిరి. పెద్దలు ఏ సిద్ధాంతమును బోధింపలేదు. త్రవ్వి చూతమా అనిరి. త్రవ్విరి. కుందేలు అక్కడనే ఉండెను.

ఇట్టి సంఘటనలు ఐజక్స్ 1930లోను 1933లోను ప్రచురించిన రెండు గ్రంథములలో పెక్కు కలవు. స్విట్జర్లండు శాస్త్రజ్ఞుడు ఝాన్ పియాజే 1927లో ఆ బడిని చూడవచ్చెను. పసివారు కారణకార్య సంబంధమును ఒక వయస్సు వచ్చువరకు గ్రహింపలేరని ఆయన మతము. పెద్దవాడు ఎదుట కూర్చుండి, సూర్యుడు ఎట్లు పుట్టెనని అడిగినచో పిల్లవాడు కట్టుకథ చెప్పును. చక్రము తిరుగని తన సైకిలు ముందు కూర్చున్నప్పుడు ఆ పిల్లవాడే చక్కని కారణము చెప్పగలడు అని ఐజక్స్ వాదము. ఈ చర్చలో ఆమె పక్షము తరువాతి పరిశోధనలవలన బలపడినది. ప్రశ్న ఎవరిదన్నదానిని బట్టి పిల్లవాని తెలివి మారును. మాల్టింగ్ హౌస్ మాత్రము నిలువలేదు. పైక్ వ్యాపారములో నష్టపోగా 1929లో మూతపడెను.

కాలపట్టిక లేని స్వేచ్ఛకును, క్రమమైన దినచర్యకును పొత్తు కుదుర్చుటకు అమెరికాలోని మిషిగన్ రాష్ట్రమున, ఇప్సిలాంటీ పట్టణములో డేవిడ్ వైకార్ట్ ప్రయత్నించెను. 1962 మొదలు 1967 వరకు పేద నీగ్రో కుటుంబముల పిల్లలు 123 మందిని రెండు వర్గములు చేసి, 58 మందికి శిశువిద్య నొసగిరి, 65 మందికి ఒసగలేదు. ఆ బడి దినచర్యలో ఒక విశేషము స్థిరపడినది. ఈనాడు ఏమి ఆడుదునో పిల్లవాడు ముందుగా చెప్పవలెను, ఆడవలెను, తరువాత ఏమి చేసితినో చెప్పవలెను. పరిశోధకులు ఆ పిల్లలను విడువక, వారికి నలుబదియేండ్లు వచ్చిన దాక వెంబడించిరి. బడికి పోయినవారిలో నూటికి 77 మంది ఉన్నతపాఠశాల చదువు పూర్తిచేయగా పోనివారిలో 60 మందే పూర్తిచేసిరి. ఫలితము ఘనమైనదే. కాని 123 అన్నది చిన్న సంఖ్య. అదిగాక ఉపాధ్యాయులు వారము వారము ఇండ్లకు పోయి తల్లులతో మాటలాడెడివారు. లాభము ఆటవలన కలిగినదా, ఆ తల్లులతోడి మాటవలన కలిగినదా అనునది ఈ ఒక్క ప్రయోగము తేల్చలేదు.

ఇంగ్లండు చట్టము మాట చెప్పవలసియున్నది. 1918లో నర్సరీ పాఠశాలలు పెట్టవచ్చునని చట్టము వచ్చెను. పెట్టవలెనని కాదు, పెట్టవచ్చునని. కొద్దికాలమునకే ప్రభుత్వము ఖర్చులు తగ్గించుకొనుటతో ఆ ‘వచ్చును’ కాగితముమీదనే నిలిచెను. 1923లో ఏర్పడిన నర్సరీ పాఠశాలల సంఘమునకు మార్గరెట్ అధ్యక్షురాలయ్యెను. కాని దినమంతయు నడచు పెద్ద బడులు అక్కరలేదు, కొద్దిమందితో చిన్నవి చాలునను వాదము సంఘములో బలపడగా 1929లో ఆమె వైదొలగెను. మరుసటి ఏడాది డెట్‌ఫర్డులో ఉపాధ్యాయినుల శిక్షణ కళాశాల తెరువబడెను. పసివారికి చెప్పుటకు తక్కువ చదువు చాలునన్న మాటను ఆమె ఎన్నడును ఒప్పలేదు. మూడేండ్ల శిక్షణ కావలెననెను. 1931 మార్చిలో ఆమె మరణించెను.

వాకిటిలోని బడి

భారతదేశమున ఈ విద్యకు మూలపురుషుడు గిజుభాయి బధేకా. న్యాయవాది వృత్తిని విడిచి 1920లో గుజరాతులోని భావనగరమున బాలమందిరమును స్థాపించెను. ఆయన సహచరురాలైన తారాబాయి మోదక్ 1945లో, నేటి మహారాష్ట్ర తీరమునందలి బోర్డీ గ్రామములో పని ప్రారంభించి, డెట్‌ఫర్డ్ సోదరీమణులు ఎదుర్కొన్న ప్రశ్ననే ఎదుర్కొనెను. ఊరిలోని బాలమందిరమునకు హరిజనవాడ పిల్లలు రారైరి. అప్పుడు ఆమెయు, అనూతాయి వాఘ్‌యు బడినే వాడకు తీసికొనిపోయిరి. ఒకరి ఇంటి వాకిట కూర్చుండి మొదట పిల్లల ముఖములు కడిగి, తలలు దువ్వి, పిదప పాటలు పాడించిరి. సంస్కృతమున అంగణమనగా వాకిలి. ఆ బడికి అంగన్‌వాడీ అను పేరు అట్లు వచ్చెను. ఖరీదైన మాంటిస్సోరి పరికరములకు మారుగా గులకరాళ్లు, గవ్వలు, గింజలు, ఆకులు వాడిరి. తరువాత కోస్‌బాడ్ కొండకు తరలి, వార్లీ గిరిజన పిల్లలకొరకు పనిచేసిరి. పశువులు కాయు పిల్లలు బడికి రాలేకపోగా, పశువులు మేయు పచ్చికబయలుననే బడి నడిపిరి. మేత చోటు మారిననాడు బడి చోటును మారెడిది.

ఆ పేరునే ప్రభుత్వము స్వీకరించెను. 1975 అక్టోబరు 2వ తేదీన 33 ప్రాంతములలో ప్రయోగాత్మకముగా సమగ్ర శిశు అభివృద్ధి పథకము మొదలయ్యెను. పోషకాహారము, టీకాలు, వైద్యపరీక్ష, ఆటపాటలతో పూర్వప్రాథమిక విద్య అన్నియు ఒకేచోట లభింపజేయుట దాని ఉద్దేశము. మార్గరెట్ తొమ్మిది గంటల బడిలో ఏకము చేసినవి దాదాపు ఇవియే. నేడు దేశమున సుమారు 14 లక్షల అంగన్‌వాడీలు కలవు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలోని కేంద్రములలో పాలు, గ్రుడ్డు పిల్లలకు ఇచ్చుచున్నారు. 2020 జాతీయ విద్యావిధానము మూడు మొదలు ఎనిమిదేండ్ల వరకు గల కాలమును ఒకే దశగా గణించి, ఆటను ఆ దశకు మార్గముగా ఒప్పుకొనెను.

గింజలకు, గులకరాళ్లకు ధనమక్కరలేదు. చోటు మాత్రము కావలెను. పట్టణములలో పెక్కు అంగన్‌వాడీలు అద్దెకు తీసికొన్న ఒంటిగదులలో నడచుచున్నవి. వానిలో చాలవాటికి వాకిలి లేదు.